‘కారణం’ కాలమ్‌లో ఏం రాయాలి? ఒక కేసు, మొదటి నుంచీ

ఇల్లు లేనివాళ్లతో పనిచేసే సంస్థ మాది. ఎవరినైనా మా దగ్గరికి పంపేవాళ్లు నింపే రిఫరల్ ఫారంలో ‘ఇల్లు కోల్పోవడానికి కారణం’ అని ఒక కాలమ్ ఉంటుంది. దానికి ఇచ్చిన జాగా రెండు వేళ్ల వెడల్పు. ఈ కేసులో ఆ జాగాలో రాసి ఉన్నది: ‘తాగుడు. కుటుంబంతో పడదు.’

పంపినవాళ్లు అబద్ధం రాయలేదు. మేం కలిసేనాటికి ఆయన రోజూ తాగుతున్నాడు, ఇంటివాళ్లతో మాటలు తగ్గిపోయి చాలా కాలమైంది. కానీ ఆ రెండు ముక్కల్నే పట్టుకుని కేస్ ప్లాన్ రాస్తే ఏం వస్తుంది? డీ-అడిక్షన్‌కి, అంటే తాగుడు మాన్పించే చోటికి పంపడం, కుటుంబానికి కౌన్సెలింగ్ ఇప్పించడం. రెండూ కాగితం మీద బాగానే ఉంటాయి, ఇల్లు మాత్రం ఆ ప్లాన్‌లో ఎక్కడా ఉండదు. మా రంగంలో ఇది రోజూ జరిగేదే: చివర్లో కళ్లకి కనిపించినదాన్ని మొదట్లో జరిగినదిగా రాసేసుకుంటాం. ఈ కేసు పూర్తిగా రాయాలనిపించింది అందుకే. దాంతోపాటు ఇంకో సంగతి కూడా ఉంది. ఇల్లు లేనివాళ్లు ఎంతమంది అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో అంకె ఎందుకు చెప్తారో ఈ ఒక్క మనిషి కేసు చూస్తే తెలిసిపోతుంది.

గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆయనా, ఆయన భార్యా ఇద్దరూ రాయమన్నారు. పేరు వద్దు కదా, మరి ఏమని రాయను అంటే ‘బైండరని రాయండమ్మా, ఆ ఒక్కటీ ఎవరూ కాదనలేరు’ అన్నాడు. కాబట్టి బైండరు.

వెనక్కి అడగడం

‘ఎందుకిలా రోడ్డున పడ్డారు?’ అని అడిగితే ఎవరైనా ఒక్క కారణమే చెప్తారు, అదీ అడిగేవాళ్లు ఏం వినాలనుకుంటున్నారో చూసుకుని. సిగ్గు ఎక్కువున్నవాళ్లు తప్పంతా నెత్తిన వేసుకుంటారు, కోపం ఎక్కువున్నవాళ్లు ఒక మనిషి పేరు చెప్తారు. అందుకని నేను ఆ ప్రశ్న అడగను. నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు, అంతకుముందు ఎక్కడ, అక్కణ్ణుంచి ఎలా వచ్చేశారు, అక్కడ తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది, కాగితం ఎవరి పేరు మీద, సామాను ఇప్పుడు ఎక్కడుంది, ఇలా పడుకున్న ఒక్కో చోటునీ పట్టుకుని వెనక్కి పోతాను. ఒక్కసారి కూర్చుంటే అయ్యే పని కాదు. మనుషులు తేదీలు మర్చిపోతారు గానీ ఎక్కడ పడుకున్నదీ మర్చిపోరు.

తాళంచెవి ప్రశ్న ఏదో ఊరికే అడిగినట్టు ఉంటుంది. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. తనదంటూ తాళంచెవి ఆఖరుసారి ఎప్పుడుందో ఆ రోజే మనిషి ఇల్లు పోయిన రోజు. రోడ్డు మీదికి వచ్చిన రోజు వేరే. బైండరు కేసులో ఆ రెండు రోజులకీ మధ్య మూడేళ్ల పైనే ఉంది. ఆ మూడేళ్లలో ఆయన గురించి ఏ ఆఫీసులోనూ ఒక్క కాగితం లేదు.

జరిగింది జరిగినట్టు

పుస్తకాల బైండింగ్‌లో ఇరవై ఏళ్ల పైన అనుభవం. అచ్చయిన కాగితాలు మడవడం, కుట్టడం, అట్ట వేయడం, కటింగ్ మెషిన్ మీద అంచులు కోయడం. రెండు గదుల అద్దె ఇల్లు, పదకొండేళ్లు ఒకే చోట, అంతా నోటిమాట మీద, అగ్రిమెంటూ ఏమీ లేదు. ప్రెస్‌లో ఆర్డర్లు తగ్గాయి. జీతం కాస్తా రోజుకూలీ అయ్యింది, తర్వాత వారంలో నాలుగు రోజుల కూలీ అయ్యింది. అద్దె ఒకప్పుడు సంపాదనలో మూడో వంతు, ఆఖరి ఏడాదికి సగం దాటింది. గమనించండి, ఆ ఇంటి అద్దె పెద్దగా పెరగలేదు. అద్దెలు పెరిగితేనే జనం రోడ్డున పడతారనుకుంటాం, అద్దె కదలకుండా సంపాదన దిగిపోయినా ఫలితం అదే.

ఇంతలో ఓనర్ ఇల్లు పడగొట్టి కట్టుకుంటానన్నాడు. గొడవేం లేదు. టైమిచ్చాడు, బాకీపడ్డ అద్దెని అడ్వాన్సులో చెల్లు వేసుకున్నాడు, మిగిలింది ఏమీ లేదు. వీళ్లూ మర్యాదగా ఖాళీ చేశారు. కోర్టు నోటీసు లేదు, పోలీసు లేడు. ఎంతమందిని ఖాళీ చేయించారన్న లెక్క కోర్టు కాగితాల్లోంచి తీసేచోట ఇలాంటివి ఒక్కటీ దొరకవు, నా దగ్గరున్న కేసుల్లో మాత్రం ఎక్కువ ఇలాంటివే.

కొత్త ఇల్లు వెతికారు. అద్దె ఎలాగోలా కట్టగలరు, కట్టలేనిది అడ్వాన్స్. జీతం చీటీ చూపించలేని మనిషని ఓనర్లు ఇంకో రెండు నెలలది ఎక్కువే అడిగారు. ఈ కేసు మొత్తంలో ఎక్కడ చెయ్యి అడ్డుపెడితే ఆగేది అని నన్నడిగితే ఇక్కడే. కొన్ని నెలల అద్దెకి సరిపోయే డబ్బు, ఆ వారంలో, ఒకేసారి. తర్వాత ఆస్పత్రీ, షెల్టరూ (ఇల్లు లేనివాళ్లు రాత్రి తలదాచుకునే చోటు), మేమూ కలిసి ఈయన మీద పెట్టిన ఖర్చు దానికి ఎన్నో రెట్లు.

కూతురి ఇంట్లో ఒక పడకగది, ఒక హాలు. కూతురు, అల్లుడు, అల్లుడి తల్లి, తొమ్మిదేళ్ల మనవరాలు, ఆరేళ్ల మనవడు. సర్దుకుంటే ఇంకొకరికి చోటుంది, ఇద్దరికి లేదు. భార్య అక్కడికి వెళ్లింది. ‘కొన్నాళ్లే కదా, నేనేదో చూసుకుంటాను’ అన్నాడు ఈయన. ఫారంలో ‘కుటుంబంతో పడదు’ అయ్యింది ఇదే. వాళ్లకి పడక కాదు, ఆ ఇంట్లో ఇద్దరూ పట్టక. మాటలు తగ్గింది ఆ తర్వాత, ఫోన్‌లో చెప్పుకోవడానికి మంచి కబురు ఏదీ లేకపోబట్టి.

మొదట తోటి పనివాడి ఇంట్లో ఉన్నాడు. ఇక్కడ మొహమాటం ఎంత పని చేస్తుందో చెప్పాలి. ఆ ఇంట్లో ఎవరూ పొమ్మనలేదు. ఈయనే తెల్లారకముందే లేచి బయటపడి, రాత్రి వాళ్ల భోజనాలై లైట్లార్పాక వచ్చేవాడు, బాత్రూం వాడుకునే టైము కూడా లెక్క చూసుకుని. పని లేని రోజున కూడా పనికి పోతున్నట్టే బయల్దేరి పార్కులో కూర్చునేవాడు. తల మీద కప్పుంది కానీ పగలు ఆ కప్పు కింద ఉండే హక్కు లేదు. వాళ్లింటికి చుట్టాలొస్తున్నారని తెలిసిన రోజున సంచి సర్దుకుని, వేరే గది దొరికిందని చెప్పి వచ్చేశాడు. గదీ లేదు గిదీ లేదు.

ప్రెస్ యజమాని గోడౌన్‌లో పడుకోమన్నాడు, రాత్రి కాపలా ఉన్నట్టుంటుందని. కాగితం రీముల మధ్య చాప. అలా ఏడాది దాటింది. ప్రెస్ మూసేసిన రోజు పనీ, పడకా రెండూ ఒకే సాయంత్రం పోయాయి. పనితో ముడిపడ్డ బస ఎప్పుడూ అంతే. కట్టడం దగ్గరే ఉండే కూలీలు, ఇళ్లల్లో ఉండి పనిచేసే ఆడవాళ్లు, పనిచేసే చోటే నిద్రపోయే కుర్రాళ్లు, వీళ్లకి ఉద్యోగం నుంచి తీసేయడమంటే ఇంట్లోంచి గెంటేయడం కూడా. అది ఎక్కడా ఎవిక్షన్, అంటే ఇల్లు ఖాళీ చేయించడం కిందికి రాదు.

తర్వాత డార్మిటరీలో మంచం, రోజుకింత అని. నెలది కూడి చూస్తే ఆ మంచానికి కట్టింది ఒక చిన్న గది అద్దెని దాటింది. ‘మరి గదే తీసుకోవచ్చుగా’ అని మీటింగుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. చవకైనదానికి ముందే అడ్వాన్స్ కట్టాలి, కట్టలేనివాడికి ఖరీదైనదే గతి. కూలి దొరికిన రోజు మంచం, దొరకని రోజు బస్టాండు.

షుగరుంది ఆయనకి. రాత్రంతా బెంచీ మీద కూర్చుని కునికితే కాళ్లు వాస్తాయి, వాచిన కాలికి చెప్పు ఒరుసుకుంటుంది, షుగర్ వల్ల అరికాలు మొద్దుబారి ఉంటే ఆ ఒరుసుకోవడం తెలీదు. పుండు పడి, ముదిరి, ఆస్పత్రిలో ఒక కాలివేలు తీసేశారు. డిశ్చార్జ్ కాగితంలో ఏముందంటే: రోజు మార్చి రోజు డ్రెస్సింగ్, కాలు ఎత్తు మీద పెట్టి విశ్రాంతి, వేళకి భోజనం. చిరునామా దగ్గర పాత ఇంటిది, అప్పటికి ఆ ఇల్లే లేదు. ఆ కాగితం నాకు చూపించాడు. మడతల దగ్గర చిరిగితే వెనక నుంచి సన్నగా టేపు వేసి అతికించుకున్నాడు, అంచుకి అంచు ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. విశ్రాంతి తీసుకోమన్న ఆ కాగితం ఆయన జేబులో బస్టాండంతా తిరిగింది.

ఇది చిన్న సంగతి కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇల్లు లేకుండా చనిపోయినవాళ్ల సగటు వయసు 2021లో మగవాళ్లకి 45.4, ఆడవాళ్లకి 43.2 ఏళ్లు. వింత రోగాలేమీ అక్కర్లేదు. ఇంట్లో ఉంటే మాత్రలతో, డ్రెస్సింగ్‌తో గడిచిపోయే జబ్బులు కూడా బయట ప్రాణం మీదికి వస్తాయి.

ఆస్పత్రి నుంచి వచ్చాక సంచి పోయింది, నిద్రలో. కార్డులు, బ్యాంకు పుస్తకం, మందులు అన్నీ దాంట్లోనే. గుర్తింపు కార్డు లేనివాడికి డార్మిటరీలో మంచం ఇవ్వరు, సిమ్ ఇవ్వరు, ఉచిత వైద్యం కౌంటర్ దాటనివ్వరు. కొత్త కార్డుకి చిరునామా రుజువు తెమ్మంటారు. అది ఉంటే ఇంత కథ ఎందుకు?

రోజూ తాగడం ఇక్కడ మొదలైంది. అంతకుముందు ముట్టుకునేవాడు కాదని అనను, జీతం రోజున తాగేవాడని భార్యే చెప్పింది. ‘తాగితే మూడు గంటలు ఏకధాటిగా నిద్రపడుతుందమ్మా, లేకపోతే ఎవరొచ్చి తంతారోనని మెలకువే’ అన్నాడు. నేను గీసుకున్న వరసలో తాగుడు తొమ్మిదోది. ఫారంలో మొదటిది.

షెల్టర్‌కీ వెళ్లి చూశాడు, నిలవలేదు. చీకటి పడ్డాక లోపలికి, తెల్లారగానే బయటికి. నోట్లో వాసనొస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. కాలు ఎత్తి పెట్టుకోవాల్సిన మనిషి పగలంతా ఎక్కడ పెట్టుకుంటాడు? షెల్టర్లో బెడ్లు ఖాళీగా ఉన్నా వీళ్లు బయటే ఎందుకు పడుకుంటారని అడిగేవాళ్లు ఒక్కసారి ఆ గేటు మీద అంటించిన రూల్స్ చదవాలి.

ఒక్క కేసు చూసి ఇంత మాట అనొచ్చా?

అనకూడదు. కానీ పెద్ద లెక్కలు కూడా ఇటే చూపిస్తున్నాయి. అమెరికాలో డ్రగ్స్ ఓవర్‌డోస్ మరణాల రేటులో ఎన్నో ఏళ్లుగా ముందున్న రాష్ట్రం వెస్ట్ వర్జీనియా. తాగుడూ మత్తూ ఇల్లు పోవడానికి అసలు కారణమైతే అక్కడి వీధులు నిండిపోవాలి. అలా లేదు, జనాభాతో పోల్చి చూస్తే ఇల్లు లేనివాళ్లు కాలిఫోర్నియాలో అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పేదరికమే కారణమందామంటే డెట్రాయిట్ చాలా పేద నగరం, అయినా ఇల్లు లేనివాళ్లు ఎక్కువగా ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ పరిస్థితి అక్కడ లేదు. తేడా అద్దెల్లో, ఖాళీగా దొరికే ఇళ్లలో ఉంది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2020లో తేల్చిందేమిటంటే మధ్యస్థ అద్దె 100 డాలర్లు పెరిగినచోట ఇల్లు లేనివాళ్ల రేటు సుమారు 9 శాతం ఎక్కువగా ఉంటోంది.

అలాగని మనిషి సంగతులు లెక్కలోకి రావని కాదు. మానసిక జబ్బు, కొట్టే మొగుడు, జైలు నుంచి విడుదల, అనాథాశ్రమంలో పెరిగి వయసు దాటడం, ఇవన్నీ మనిషిని ఇళ్ల కోసం నిలబడ్డ వరసలో చివరికి నెడతాయి. ఇళ్లు చాలినన్ని ఉన్నచోట వరస చివరివాడికి కూడా ఏదో ఒక గది దొరుకుతుంది, లేనిచోట దొరకదు. బైండరు చివరికి ఎందుకు జారాడో నేను చెప్పగలను. ఆ వరస అంత పొడుగ్గా ఎందుకుందన్నది ఆయన్ని అడిగితే తెలిసేది కాదు.

ఈ మనిషి ఎవరి లెక్కలో ఉన్నాడు?

మన 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివాళ్లు సుమారు 17.7 లక్షలు. ఫిబ్రవరి 28 రాత్రి బయట పడుకున్నవాళ్లని లెక్కపెట్టారు, అంటే కప్పు ఉన్న కట్టడంలో లేనివాళ్లని. ఆ రూలు పెట్టి చూస్తే తోటివాడి ఇంట్లో, గోడౌన్‌లో, డార్మిటరీలో ఉన్నన్నాళ్లూ బైండరు లెక్కలో లేడు. ఆస్పత్రిలో ఉన్న రాత్రి లేడు. బస్టాండులో ఉన్న రాత్రి, అదీ లెక్క రాసుకునే ఎన్యూమరేటర్ ఆ మూలకి వస్తే, ఉన్నాడు. ఇంకో మాట, 2001తో పోలిస్తే మొత్తం సంఖ్య 19.4 లక్షల నుంచి తగ్గింది, కానీ పట్టణాల్లో 7.8 లక్షల నుంచి 9.4 లక్షలకి పెరిగింది. మొత్తం చూసి తగ్గిందనుకుంటే పట్టణాల్లో పనిచేసేవాళ్లకి నవ్వొస్తుంది.

ఇల్లు లేనివాళ్లంటే ఎవరన్న విషయంలో జపాన్ చట్టం ఇంకా ఇరుకు. పార్కులు, నదీతీరాలు, రోడ్లు, స్టేషన్లలో ఉండేవాళ్లే. 2003లో 25,296 మంది, 2024లో 2,820. అద్భుతమే, కానీ టోక్యో నగర ప్రభుత్వమే 2018లో విడుదల చేసిన సర్వేలో రాత్రిళ్లు నెట్ కేఫుల్లో గడుపుతున్న ఇల్లు లేనివాళ్లు ఆ ఒక్క మహానగరంలోనే సుమారు 4,000 మంది తేలారు. డార్మిటరీలో మంచం అద్దెకి తీసుకున్న మా బైండరు లాంటివాళ్లే వాళ్లంతా.

అమెరికాలో జనవరిలో ఒక రాత్రి లెక్క. 2024లో 7,71,480. షెల్టర్లో ఉన్నవాళ్లనీ, బయట ఉన్నవాళ్లనీ కలుపుతారు, చుట్టాల ఇళ్లలో తలదాచుకున్నవాళ్లని కలపరు. అదే దేశంలో విద్యాశాఖ మాత్రం అలాంటి ఇళ్లలో ఉండే పిల్లల్ని కూడా ఇల్లు లేనివాళ్లుగానే లెక్కపెడుతుంది, అది బడిపిల్లలతోనే 10 లక్షలు దాటుతుంది. ఒకే ప్రభుత్వం, రెండు శాఖలు, రెండు నిర్వచనాలు.

ఇంగ్లండ్‌లో 2024 శరదృతువులో ఒక రాత్రి వీధుల్లో కనిపించినవాళ్లు 4,667 మంది. తాత్కాలిక వసతిలో ఉన్న కుటుంబాలు 1.2 లక్షల పైన. పేపర్లో ఏ అంకె వేస్తారన్నదాన్ని బట్టి సమస్య చిన్నదో పెద్దదో అయిపోతుంది. అక్కడి చట్టం ప్రకారమైతే తోటివాడి ఇంట్లో మొహమాటంగా పడుకున్నప్పుడే బైండరు ఇల్లు లేనివాడు, ఎందుకంటే ఆ చోటు మీద ఆయనకి హక్కు లేదు. ఓనర్ ఖాళీ చేయమన్నప్పుడే సాయం మొదలవ్వాలి కూడా: 56 రోజుల్లో ఇల్లు పోయే ప్రమాదం ఉంటే స్థానిక సంస్థ కదలాలని 2017 చట్టం. అందరికీ ఇల్లు ఇచ్చేస్తారని కాదు, కనీసం ఫైల్ తెరుస్తారు.

ఆస్ట్రేలియా రూలు చదివాక నేను కాసేపు ఆగిపోయాను. ఇంట్లో ఉన్న మనుషులకి ఇంకో నాలుగో అంతకంటే ఎక్కువో పడకగదులు కావాల్సినంత ఇరుకుంటే, ఆ ఇంట్లోవాళ్లందర్నీ ఇల్లు లేనివాళ్లుగానే లెక్కపెడతారు. బైండరు కూతురి ఇల్లు తీసుకోండి. దంపతులకి ఒక గది, అల్లుడి తల్లికి ఒకటి, ఐదేళ్లు దాటిన ఆడపిల్లకీ మగపిల్లాడికీ చెరొకటి. నాలుగు కావాలి, ఉన్నది ఒకటి, లోటు మూడు. ఇంకా లెక్కలోకి రారు. బైండరు భార్య వచ్చి చేరగానే లోటు నాలుగయ్యింది. ఆ రూలు ప్రకారం ఆ రోజు ఇల్లు లేనివాళ్ల జాబితాలోకి ఆమె ఒక్కతే కాదు, ఆ ఇంట్లో ఆరుగురూ చేరారు. 2021లో ఆస్ట్రేలియా లెక్క 1,22,494, వాళ్లలో వీధుల్లో ఉన్నవాళ్లు సుమారు 6 శాతమే.

వెడల్పుగా లెక్కపెడితే అంకె పెరిగి పరువు పోతుందని ప్రభుత్వాలకి భయం. ఫిన్లాండ్ స్నేహితుల, బంధువుల ఇళ్లలో తాత్కాలికంగా ఉంటున్నవాళ్లని కూడా కలిపే లెక్కపెడుతుంది, అక్కడి జాబితాలో ఎక్కువమంది వాళ్లే. 1987లో 18,000 దాటిన ఆ లెక్క 2023 చివరికి 3,429కి వచ్చింది. 2024లో మళ్లీ 3,806కి పెరిగింది, అది కూడా దాచుకోలేదు.

ఒక్క రాత్రి లెక్కతో ఇంకో తిరకాసు. 1998లో కున్, కల్హేన్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్, ఫిలడెల్ఫియా షెల్టర్ల రికార్డులు తిరగేశారు. సుమారు 80 శాతం మంది కొద్దికాలం ఉండి వెళ్లిపోయేవాళ్లే. ఏళ్ల తరబడి ఉండేవాళ్లు 10 శాతం, కానీ మొత్తం షెల్టర్ రోజుల్లో దాదాపు సగం వాళ్లవే. అందుకని ఏ రాత్రి వెళ్లి చూసినా ఆ పదిశాతమే ఎక్కువగా కళ్లబడతారు, వాళ్లని చూసి అందరూ ఇలాగే ఉంటారనుకుంటాం. బైండరు కూడా చాలాకాలం ఆ ఎనభై శాతం లాగే కళ్లబడకుండా ఉన్నాడు. జనానికి కనిపించింది ఆ పది శాతం లాంటి స్థితికి జారాక.

మేం చేసింది

ముందు కాలు. మా నర్సు బస్టాండు బెంచీ మీదే డ్రెస్సింగ్ మొదలుపెట్టింది, తాగుడు గురించి ఒక్క మాట ఎత్తకుండా. తర్వాత కార్డులు. మా ఆఫీసు చిరునామా మీద ఉత్తరం ఇచ్చి, కౌంటర్ల దగ్గర పక్కన నిలబడి తెప్పించాం. పక్కన మనిషి నిలబడటం అనేది ఏ ప్లాన్‌లోనూ రాయరు గానీ అది లేకపోతే పని అవదు, అదే కౌంటరు అదే మనిషికి ఒక్కడే వెళ్తే ‘రేపు రా’ అంటుంది.

తర్వాత గది. ఆరోగ్య కేంద్రానికి దగ్గర్లో, మెట్లెక్కక్కర్లేకుండా, అగ్రిమెంట్ ఆయన పేరు మీదే. అడ్వాన్స్ మా ఫండ్ నుంచి, అద్దెలో కొంత ఏడాదిపాటు సాయం. తాగుడు మానితేనే అనే షరతు పెట్టలేదు. ఇల్లు ముందు, మిగతావి తర్వాత అనే ఈ పద్ధతిని 1992లో న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ అనే సైకాలజిస్టు మొదలుపెట్టాడు, ఫిన్లాండ్ 2008 నుంచి దాన్ని ప్రభుత్వ విధానంగానే పెట్టుకుంది.

గదిలో మంచం ఉన్నా మొదట్లో తలుపుకి అడ్డంగా కింద పడుకునేవాడు, చెప్పులు తల కింద, సంచి పట్టీ మణికట్టుకి చుట్టుకుని, లైటు వెలుగుతూ. కాలు ఎత్తులో ఉండాలని నర్సు పోరు పెట్టాక మంచం ఎక్కాడు. లైటు ఆర్పడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

అంతా సాఫీగా ఏం జరగలేదు. బస్టాండు స్నేహితులు వచ్చి గదిలో పడుకోవడం మొదలుపెట్టారు, ఓనర్ మాకు ఫోన్ల మీద ఫోన్లు. వాళ్లలో ఒకడు ఈయనకి కాలు బాగా లేనప్పుడు తన తిండిలో సగం పెట్టినవాడు, వాణ్ణి రావద్దని ఎలా అంటాడు? ‘మీరే చెప్పండమ్మా, నా నోటితో నేను చెప్పలేను’ అన్నాడు. పగలు రావచ్చు, రాత్రి ఉండకూడదని ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం, ఆ స్నేహితుడికి విడిగా ఫైల్ తెరిచాం. ఇల్లు దొరికినవాడికి ఇల్లు దొరకని స్నేహితులుంటారన్నది ట్రైనింగుల్లో ఎవరూ చెప్పరు.

తాగుడు తగ్గింది, మానలేదు. పుండు మానింది. జిరాక్స్ సెంటర్ల నుంచి ప్రాజెక్టు రిపోర్టులు తెచ్చుకుని గదిలోనే బైండింగ్ చేస్తున్నాడు, పరీక్షల సీజన్లో చేతినిండా పని, మిగతా అప్పుడు తక్కువ. ఈ ఫలితం చూసి కొందరు పెదవి విరుస్తారు, ఇల్లిచ్చినా తాగుతున్నాడుగా అని. కెనడాలో 2009 నుంచి ఐదు నగరాల్లో, 2,000 మందికి పైగా మనుషులతో ఈ పద్ధతిని పరీక్షించారు. చివరి ఆరు నెలల్లో పూర్తిగా ఇంట్లోనే ఉన్నవాళ్లు ముందు ఇల్లు ఇచ్చిన గుంపులో 62 శాతం, మామూలు సేవలు పొందినవాళ్లలో 31 శాతం. మత్తు అలవాట్లు మాత్రం రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకేలా తగ్గాయి. అంటే ఇల్లు తాగుడుకి మందు కాదు, ఇల్లు లేకపోవడానికి మందు. దాన్ని దానిగానే కొలవాలి.

ఫైల్‌లో లేని మనిషి

భార్యని కలవడానికి వెళ్లినప్పుడు నా దగ్గరున్నది ఒకే ఫైల్, ఆమె అందులో ‘కుటుంబ సభ్యులు’ కాలమ్ మాత్రమే. ఆమె బట్టలన్నీ ఒక సూట్‌కేసులో, కూతురి మంచం కింద. హాల్లో టీవీ ఆపాక పడుకుంటుంది, అందరికంటే ముందు లేస్తుంది, పగలంతా వంటా పిల్లల పనీ. ‘ఆయనకో చోటు దొరికింది, సంతోషమే. మరి నాకెక్కడుందమ్మా? ఇదీ మా ఇల్లేనా, వాళ్లు వెళ్లమంటే వెళ్లాల్సిందేగా’ అంది, కూతురు వినకుండా గొంతు తగ్గించి.

ఇద్దరిదీ తాళంచెవి ఒకే రోజు పోయింది. ఆయన కంటికి కనిపించే దారిలో పడ్డాడు కాబట్టి చివరికి ఫైల్ వచ్చింది, ఆమె కనిపించని దారిలో ఉంది కాబట్టి రాలేదు. ఆడవాళ్లలో ఇది మరీ ఎక్కువ. బయట పడుకునే ప్రమాదం తెలుసు కాబట్టి తమ్ముడింట్లోనో, కొట్టే మొగుడి దగ్గరో, ఎవరికో చాకిరీ చేస్తూనో కప్పు కిందే ఉండిపోతారు. రాత్రి టార్చిలైటు వేసుకుని రోడ్ల మీద లెక్కపెడితే వాళ్లు దొరకరు.

ఆమె కూడా ఊరికే వచ్చేయదు. రోజూ తాగే మనిషితో ఒక్క గదిలో ఉండనని చెప్పేసింది, అది ఆమె హక్కు. అమ్మ వెళ్లిపోతే పిల్లల్ని ఎవరు చూస్తారని కూతురి టెన్షన్, అల్లుడి తల్లికి చేతకాదు, కూతురికి ఉద్యోగం ఉంది. అంటే ఆ ఇల్లు ఈమె చాకిరీ మీద కూడా నడుస్తోంది.

ఇద్దరికీ కలిపి రెండు గదుల పోర్షన్‌కి అద్దె సాయం అడుగుతూ దరఖాస్తు పెట్టాం. నిధులిచ్చే సంస్థ మొదటిసారి తిప్పి పంపింది, ఆమె ‘నివాసం ఉన్నవారు’ కాబట్టి అర్హత లేదని. ఆమె తాళంచెవి లేకుండా గడిపిన కాలం, పడుకునే చోటు, ఆ ఇంట్లో తలకి ఎంత జాగా ఉందో అంతా రాసి, కూతురితో సంతకం పెట్టించి మళ్లీ పంపాం. బైండరు అద్దె సాయం ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది, ఆయన సంపాదన అప్పటికి మొత్తం అద్దెకి చాలదు, పరీక్షల సీజన్ దాటిపోతుంది కూడా. సాయాన్ని ఇంకో ఆరు నెలలు పొడిగించమన్న ఉత్తరం, ఆమె దరఖాస్తు, రెండూ వచ్చే మీటింగుకి వెళ్తున్నాయి.